మాలకొండమ్మ మింగిన పచ్చ బిళ్ళలు

రాచర్లలో మా పక్కిల్లే మాలకొండమ్మది. మనిషి మంచిదే గానీ ఒళ్ళంతా అనుమానం. సంతలో పసుపు కొంటే అక్కడే చిటికెడు తీసి సున్నంతో నలిపేది. ఎర్రబడితేనే కొంగున కట్టుకునేది. పిండి కలిపిన పసుపు కూడా ఎర్రబడుతుందని ఎవరు చెప్పినా వినేది కాదు. ఇప్పుడు మార్కాపురం హైస్కూల్లో పిల్లలకు రసాయన శాస్త్రం చెబుతుంటే తరచూ ఆమె గుర్తొస్తుంది. గుర్తొచ్చి ఒక్కోసారి ఒళ్ళు మండుతుంది కూడా.

యుద్ధం నడుస్తున్న రోజులవి. జావా జపానువాళ్ళ చేతికి పోవడంతో అక్కడి నుంచి వచ్చే చలిజ్వరం మందు క్వినైను రావడం తగ్గిపోయింది. నల్లమల అంచున ఉన్న మా ఊళ్ళకేమో చలిజ్వరం ఏటా వచ్చే చుట్టం. అప్పుడే దాని బదులు మెపాక్రిన్ అని పసుపుపచ్చటి బిళ్ళలు దిగాయి. గిద్దలూరు నుంచి కాంపౌండరు కరుణాకరం సైకిలు మీద తెచ్చి పంచేవాడు. మాలకొండమ్మ మొగుణ్ణి ఆ జ్వరమే తీసుకుపోయింది. ఇప్పుడు ఒక్కగానొక్క కొడుకు కాటమరాజు మంచం పట్టాడు.

బిళ్ళ చేతికి రాగానే ఆమె చేసిన మొదటి పని దానికి సున్నం రాయడం. ఎర్రబడలేదు. పసుపు కాకపోతే మరింకేమిటని కాంపౌండర్ని నిలదీసింది. పాపం, ఆయన ఓపిగ్గానే చెప్పాడు. బొగ్గులో ఉండే కర్బనం, నీళ్ళలో ఉండే ఉదజని, గాలిలో ఉండే నత్రజని, ఆమ్లజని, ఉప్పులో ఉండే క్లోరిన్, ఈ మూలకాలన్నీ ఒక లెక్క ప్రకారం కలిస్తే ఈ మందు అయిందన్నాడు. ఇంకేముంది, బొగ్గూ ఉప్పూ కలిపి తన కొడుకు నోట్లో పోస్తున్నాడని ఆమె వీధి వీధంతా చెప్పుకొచ్చింది.

కరుణాకరం నవ్వలేదు. బెల్లం మాడితే నల్లగా మిగిలేది బొగ్గే కదా, అట్లని బెల్లం తింటే బొగ్గు తిన్నట్టా అని అడిగాడు. మూలకాలు కలిసినాక వాటి పాత గుణాలు పోయి కొత్త గుణం వస్తుందన్నాడు. బెల్లం మాట ఆమెకు కాస్త ఎక్కింది. కొడుక్కి బిళ్ళలు వేయడం మొదలుపెట్టింది.

జ్వరం దిగుతూ వచ్చింది. దాంతోపాటే కాటమరాజు ఒళ్ళు పచ్చబడుతూ వచ్చింది. మొహం, అరచేతులు, చివరికి పాదాలు కూడా. కాంపౌండరు కామెర్లు అంటగట్టినాడని మాలకొండమ్మ గుండెలు బాదుకుంది. బిళ్ళలు తీసుకుపోయి పెంటకుప్పలో పారేసింది. మందు మధ్యలో ఆగేసరికి చలిజ్వరం మళ్ళీ వచ్చింది, ఈసారి మంచం కదిలిపోయేలా. మా వైపు మాలకొండమ్మ వాళ్ళలాంటి గొర్రెల కాపరులకు కామెర్లంటే తెలిసిన వైద్యం వాత ఒక్కటే. గొర్రెలకు పెట్టే కడ్డీనే పొయ్యిలో పెట్టింది.

కడ్డీ కాలుతుండగా కరుణాకరం వచ్చాడు. ఆయన్ని ఆమె లోపలికి రానిచ్చేది కాదు, రోగిని ముట్టనిచ్చేది కాదు. క్రైస్తవుడు, పైగా ఊరి బయట పేటవాడు. అందుకని వాకిట్లోనే నిలబడి చెప్పాడు.

"కన్ను నువ్వే చూడమ్మా. కామెర్లయితే తెల్లగుడ్డు పచ్చగా ఉంటాది. ఇది మందులోని రంగు, చర్మానికి పట్టింది. జ్వరాన్ని చంపేది ఒక గుణం, రంగు పట్టించేది ఇంకో గుణం. మందు ఆపినాక రంగు మెల్లగా పోతాది."

ఆమె కొడుకు కనురెప్ప కిందికి లాగి చూసింది. తెల్లగా ఉంది. వెలుతురులోకి తిప్పి మళ్ళీ చూసింది. కడ్డీ పొయ్యిలోంచి తీసి నీళ్ళ తొట్టిలో ముంచింది.

నమ్మిందని కాదు. వాడితోపాటు తనకూ బిళ్ళలు కావాలంది. విషమైతే ఇద్దరమూ పోతామంది. సిపాయిలు జ్వరం రాకుండా ఇవే వేసుకుంటారని చెప్పి కరుణాకరం ఇచ్చాడు. వాడు మింగినప్పుడల్లా ఆమె కూడా మింగింది. కాటమరాజు లేచి గొర్రెల మందవెంట పోయేనాటికి తల్లీ కొడుకులిద్దరూ పచ్చగా ఉన్నారు.

ఇక వీధికి భయం పట్టుకుంది. బావి దగ్గర ఆమె చేద ముట్టుకుంటే మిగతావాళ్ళు తోడుకోకుండా వెళ్ళిపోయేవాళ్ళు. కన్ను లాగి చూపించినా ఎవరూ దగ్గరికి వచ్చి చూడలేదు. మా అమ్మ కూడా పోలేదు, ఎందుకు దాచాలి.

మళ్ళీ బిళ్ళలు పంచడానికి వచ్చిన కరుణాకరంతో ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని అంది.

"ఏ పాపమూ ఎరగని దాన్ని. నేను ముట్టుకున్న నీళ్ళు పారబోస్తుండారు. ఇట్ల అనుమానిస్తే మనిషి ఎట్ల బతకాల?"

ఆయన సైకిలు ఎక్కబోతూ అన్నాడు.

"రంగు కాబట్టి నీది కొన్నాళ్ళకు పోతాదిలే అమ్మా. మాకు పుట్టినకాడి నుంచి ఇంతే."

మాలకొండమ్మ ఆయన సైకిలు సందు మలుపు తిరిగేదాకా వాకిట్లో అట్లాగే నిలబడింది.