బోర్డు లేని కుండ

మా చిన్నప్పుడు బడి వరండాలో కుదురు మీద ఒక మట్టికుండ ఉండేది... మూత మీద సత్తు గ్లాసు. మా పేట పిల్లలం దాన్ని ముట్టుకోకూడదు.

దాహమేస్తే దూరంగా నిలబడి దోసిలి పట్టాలి. ఊళ్లో పిల్లలెవరైనా వచ్చి పైనుంచి పోస్తే తాగాలి. సగం నీళ్లు చొక్కా మీదే పడేవి... వాళ్లకి నవ్వు.

ఒక ఎండాకాలం మా సుగుణక్క చాలాసేపు పిలిచింది. ఎవరూ రాలేదు. తనే గ్లాసు ముంచుకుని తాగేసింది.

"ఏమే, కుండలో చెయ్యి పెట్టావా?" అన్నారు మేష్టారు.

"దాహమేసింది మేష్టారూ. మీరైతే ఏం చేస్తారు?"

ఆయన కుండ పగలగొట్టించారు. అక్కని మళ్లీ బడికి రానివ్వలేదు. మర్నాడు కొత్త కుండ వచ్చింది... నేను మళ్లీ దోసిలి పట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.

మొన్న ఆదివారం అమెరికాలో, ప్లేనోలో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి అల్లుడి స్నేహితుడు వచ్చాడు. మనవరాలు నిత్య స్కూలు కోసం చేసిన పోస్టర్ చూపించింది. అందులో పక్కపక్కనే రెండు మంచినీళ్ల కుళాయిలు... ఒకదాని మీద తెల్లవాళ్లకని, రెండోదాని మీద నల్లవాళ్లకని బోర్డులు. ఈ టెక్సాస్‌లోనూ అప్పట్లో అదే చట్టమట.

కింద ఇంకో ఫోటో. తెల్లవాళ్ల హోటల్లో నల్లపిల్లలు వరసగా కూర్చున్నారు.

"కొట్టినా, మీద కాఫీ పోసినా లేవలేదు తాతా. జస్ట్ అలా కూర్చున్నారు."

నాకు గ్లాసు ముంచిన అక్క చెయ్యి కనబడింది.

అల్లుడి స్నేహితుడు సోఫాలో వెనక్కి వాలి, "మన ఇండియాలో ఇలాంటి లా ఎప్పుడూ లేదు నిత్యా. వియ్ షుడ్ బి ప్రౌడ్" అన్నాడు.

"రియల్లీ, తాతా?"

నలుగురిలో నేను నోరు విప్పను. ఆ రోజు మాత్రం ఆగలేకపోయాను.

"లా లేదు బాబూ. కుండ ఉంది" అన్నాను. కుండ సంగతి, అక్క సంగతి చెప్పాను.

"అవన్నీ పాత రోజులు అంకుల్..."

"పాతవా? మా అక్క ఇంకా బతికే ఉంది."

అతను ఫోన్ చూసుకున్నాడు.

ఇక్కడ చట్టం పెట్టి వేరు చేశారు, జనం తిరగబడితే ఆ చట్టం పోయింది. మా దగ్గర చట్టం వద్దంటున్నా వేరు చేశారు. బోర్డు కూడా రాయలేదు... రాసుంటే కనీసం ఫోటో అయినా మిగిలేది.

నిత్య పెన్ను తెచ్చి, "మీ అక్క పేరు స్పెల్ చెయ్యి తాతా" అంది. నాకు ఇంగ్లీషు రాయడం రాదు. పెన్ను తీసుకుని, ఆ కూర్చున్న పిల్లల పక్కన తెలుగులోనే రాశాను... సుగుణమ్మ.

ఇప్పుడు బడి పిల్లలు ఎవరి సీసా వాళ్లే తెచ్చుకుంటున్నారు. కుండలు పోయాయి... మమ్మల్ని దూరంగా నిలబెట్టిన ఆ చూపు పోయిందా?

మీ బడిలోనూ కుండ ఉండే ఉంటుంది. దోసిలి పట్టినవాళ్లు రాయండి... పైనుంచి పోసినవాళ్లు కూడా రాయండి.