ఉలవల మీద జారిన బస్సు

మా ఆయన బస్సు డ్రైవరు. కళ్యాణదుర్గం నుంచి కంబదూరు వైపు పోయే పొద్దుటి బస్సు చాలా ఏండ్లు ఆయనదే. ఆ దారిలోనే, రోడ్డును ఆనుకొని మా పుట్టినూరు. ఊరంటే ఎంత ఊరు, రోడ్డుకు అటు కొన్ని కొంపలు, ఇటు కొన్ని కొంపలు. అల్లుడు రోజూ బస్సు తోలుకొని ఊరి మధ్యలో పోతుంటే మా నాయనకు ఉన్న గర్వం ఇంతా అంతా కాదు. హారను వినబడితే చాలు, పక్కన ఎవరుంటే వాళ్ళతో "మా అల్లుడు పోతాండాడు" అని చెప్పాల్సిందే. ఆ మాట వాళ్ళు నిన్నా విన్నారు, మొన్నా విన్నారు. అయినా చెప్పాల్సిందే.

ఇది డెబ్బైల చివర్లో సంగతి. ఆ ఏడు శెనక్కాయ చేలు ఎండి నిలువునా పోయాయి. ఆఖర్లో నాలుగు జల్లులు పడితే ఊరందరూ ఉలవలు చల్లారు. ఉలవలు మాత్రం మోసం చేయలేదు. కాయలతో సహా కోసి తెచ్చిన ఎండు కంపను కళ్ళంలో పరిచి ఎద్దులతో రాతిగుండు తిప్పి నూర్చాలంటే ఎద్దులేవి? గడ్డి లేక చాలామంది సంతకు తోలేశారు. తారు రోడ్డు ఉండనే ఉంది. కంపను దాని మీద మందంగా పరిస్తే వచ్చే పోయే బస్సులూ లారీలూ తొక్కుతాయి, గింజ రాలుతుంది. మధ్య మధ్య పంగలకర్రతో తిరగేసి, సాయంత్రానికి ఊడ్చి, తూర్పారబట్టి మూట కట్టుకోవడమే. ఎవరింటి ముందర రోడ్డు వాళ్ళది. రోడ్డు సర్కారుది అని ఎవరన్నా అంటే మా ఊళ్ళో వాడి ముఖం చూసి నవ్వుతారు.

మా నాయనకు అందరికంటే ఒక సౌకర్యం ఎక్కువ. ఆయన కంప పరిచిన చోటికి రాగానే మా ఆయన బస్సును బాగా నిదానం చేసి, కొంచెం కుడికీ కొంచెం ఎడమకీ తిప్పి, చక్రాలు అంతటా పడేట్టు తోలేవాడు. ఆ బస్సులో వచ్చేవాళ్ళు నాకు పూసగుచ్చినట్టు చెప్పేవాళ్ళు. నాయన రోడ్డు పక్కన నిలబడి "ఇట్ల అప్పా, ఇట్ల! ఇంగొంచెం ఆ పక్కకు!" అని చేతులు ఊపేవాడు. ఊళ్ళోవాళ్ళు ఊరుకుంటారా? "నీకేమిలే అన్నా, గవర్నమెంటే వచ్చి నీకు గుండు తిప్పిపోతాండాది" అని ఒకటే ఎగతాళి. బస్సులో వాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. "నీకు జీతమిచ్చేది బస్సు తోలేదానికి, ఉలవలు తొక్కేదానికి కాదు" అని ఇంట్లో అరిస్తే మా ఆయన చిన్నగా నవ్వేవాడు. ఆయనంతే. నేను పది మాటలంటే ఆయన ఒకటంటాడు, అదీ అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక.

ఒకరోజు నేను బిడ్డను ఎత్తుకొని ఆయన బస్సులోనే పుట్టింటికి బయలుదేరాను. దసరాకు పోయి వచ్చాక మళ్ళీ పోవడం అదే. డ్రైవరు పెండ్లాన్ని కదా, ముందు సీటు నాకే. బిడ్డ ఒళ్ళో నిద్రపోయాడు. ఊరు వచ్చింది. రోడ్డు మీద ఎప్పటిలాగే ఉలవ కంప. ఎప్పటిలాగే ఆయన నిదానం చేశాడు. ఎప్పటిలాగే నాయన పక్కన నిలబడి చెయ్యెత్తాడు. అంతవరకే ఎప్పటిలాగా. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే రోడ్డు మీదికి నడిచి వచ్చేశాడు, నేరుగా బస్సుకు ఎదురుగా!

మా ఆయన బ్రేకు తొక్కాడు. ఉత్త తారు అయ్యుంటే బస్సు ఆగేదే. కింద ఉన్నవి గుండ్రటి గింజలు. చక్రాలు ఆగాయి గాని బస్సు ఆగలేదు, జారుతూనే పోయింది. ఆయన స్టీరింగు మొత్తం తిప్పేశాడు. బస్సు నాయనను తప్పించుకొని, పక్కనున్న గుంతలోకి దిగి, తుమ్మచెట్టుకు ఆనుకొని నిలబడింది.

దేవుణ్ణి తలుచుకున్నానని చెబితే అబద్ధం. బిడ్డను అదుముకొని సీటు కమ్మీ పట్టుకున్నాను. ఒక ముసలమ్మకు నుదుటి మీద బొప్పి కట్టింది, ఇంకొకాయన మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. మా వాడు నిద్ర కూడా లేవలేదు. ఒకాయన తన చెప్పు ఒకటి పోయిందని సీట్ల కింద వెదుకుతూ తిట్టడం మొదలుపెట్టాక, అందరూ బాగానే ఉన్నారని నాకు ధైర్యం వచ్చింది. నాయన గట్టు మీద కూలబడి ఉన్నాడు. మా ఆయన పోయి ఆయన కాళ్ళూ చేతులూ తడిమి చూశాడు.

"మామా, నువ్వు ఈడ లేవు. రోడ్డు మీద ఉలవలూ లేవు. అడిగినోళ్ళకు ఇదే చెప్పు. నాకు మహా అయితే మెమో ఇస్తారు. నీకైతే కేసు అవుతాది" అన్నాడు.

ఇక మా ఊరి సంబడం చూడాలి! ఆడా మగా చీపుర్లూ చేటలూ తీసుకొని రోడ్డు మీద పడ్డారు. పోలీసు జీపు వచ్చేసరికి ఒక్క పుల్ల లేదు, ఒక్క గింజ లేదు. ఊరంతా ఒక్క మాట మీద ఉండడం నేను పుట్టాక అదే చూడడం. పట్టపగలు, ఎదురుగా ఇంకో బండి లేదు, రోడ్డు శుభ్రంగా ఉంది, మరి బస్సు గుంతలోకి ఎందుకు దిగిందని ఇనస్పెక్టరు అడిగితే అందరూ ఆకాశం చూశారు. కండక్టరు తాను వెనక టికెట్లు కొడుతున్నానన్నాడు. బస్సులో వాళ్ళూ నోరు మెదపలేదు. వాళ్ళ ఊళ్ళలోనూ రోడ్ల మీద ఉలవలే కదా పాపం. దాంతో అతివేగం, డ్రైవరు నిర్లక్ష్యం అని రాసుకొని పోయారు. డిపో వాళ్ళు మా ఆయనను ఉద్యోగంలోనుంచి పక్కన పెట్టారు. విచారణలో కూడా అదే తేలితే పూర్తిగా ఇంటికి పంపిస్తారని తోటి డ్రైవర్లు చెప్పారు.

ఆ డిపో గోడకు ఒక పట్టిక ఉండేది. ఏ కారణంతో ఎన్ని ప్రమాదాలు అయ్యాయో ఏటా అందులో వేసేవాళ్ళు. ఒక పని మీద పోయినప్పుడు నిలబడి చదివాను. అతివేగం అనే గడి నిండా అంకెలే. తాగి తోలడం, నిద్రమత్తు, బ్రేకులు చెడిపోవడం, వీటిలో ఏదో ఒకటీ అరా. ఉలవలకు గడి లేదు. కొర్రలకు లేదు, రాగులకు లేదు. కోతల కాలంలో మా పక్క ఎటుపోయినా రోడ్డే కళ్ళం. మరి ఇన్నేండ్లుగా ఆ గింజల మీద జారిన బస్సులూ లారీలూ ఎక్కడికి పోయాయి? అన్నీ ఆ మొదటి గడిలోకే పోయాయి. ఎవడో ఒకడు నోరు మూసుకున్నాడు, ఇంకెవడో వేగంగా తోలినవాడు అయ్యాడు.

ఇంటికి పోయి మా ఆయన మీద పడ్డాను. "నిజం చెప్పేదానికి నీకేమి రోగం?"

"మామను స్టేషన్ మెట్లు ఎక్కిచ్చి నేను స్టీరింగు పట్టుకోవాల్నా?" అన్నాడు.

"అయితే నేను చెప్తా. ముందు సీట్లో నేనే కదా ఉండేది."

"పెండ్లాం మాట ఎవరు నమ్ముతారే? ఊరికే నవ్వుతారు. ఇంగో మాట. మామ ఇది మెమోతో పోయిందనుకుంటాండాడు. ఆయనకు చెప్పినావంటే నా మీద ఒట్టే."

నిజం చెప్పగలిగినవాడు మా నాయన ఒక్కడే. చెబితే నాయన మీద కేసు, చెప్పకపోతే మొగుడికి బతుకుదెరువు లేదు. ఎవరి పక్కకు ఒరగను? రెండు రోజులు నిద్ర లేదు. చివరికి ఒట్టూ గిట్టూ అనుకొని పుట్టింటికి పోయాను.

నాయన ఎదురొచ్చి బిడ్డను అందుకున్నాడు. "అల్లుడు యాడ పాపా? బస్సు వేరేవాడు తోలుతాండాడే" అన్నాడు. "వేరే రూటు వేసినారు నాయనా" అన్నాను. సంగటిలోకి ఉలవచారు పెట్టారు, ముద్దను అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. చెప్పాలని నోరు తెరవడం, మళ్ళీ మూసుకోవడం. పొద్దు వాలింది, బస్సు వేళయింది. బయలుదేరుతుంటే నాయన ఒక సంచి తెచ్చి చేతికిచ్చాడు. "ఉలవలు. అల్లునికి ఇష్టం కదా" అన్నాడు.

అంతే, నాకు తిక్క రేగింది.

"ఈ ఉలవల కోసరమే కదా నువ్వు బస్సుకు అడ్డం వస్తివి! ఇంగొంచెం ఆ పక్క తొక్కియ్యాల, ఈ పక్క తొక్కియ్యాల అని! ఆయన ఉద్యోగం పోతాండాది నాయనా. మెమో లేదు, గిమో లేదు. వేగంగా తోలినాడని ఇంటికి పంపిస్తాండారు. నీ కోసరం నోరు మూసుకోని కూర్చున్నాడు."

నాయన సంచి కింద పెట్టాడు. తర్వాత విచారణ ఎప్పుడో అడిగాడు, చెప్పాను. "సరే పాపా, బస్సు వచ్చె, పో" అన్నాడు. దారి పొడుగునా నాకు ఏడుపు ఆగలేదు. వస్తాడో రాడో తెలియదు. రమ్మని అడిగినందుకూ బాధే, రాకపోతే ఇంకా బాధ.

విచారణకు అనంతపురం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. నేను బిడ్డను చంకనేసుకొని బయట కిటికీ దగ్గర నిలబడ్డాను. రోడ్డు మీద ఏమైనా అడ్డం ఉందా అని ఆఫీసరు అడిగాడు. "లేదు సార్" అన్నాడు మా ఆయన. మరి బ్రేకు ఎందుకు వేశావంటే "నాదే పొరపాటు సార్" అన్నాడు. కిటికీ ఊచలు పట్టుకొని లోలోపల ఆయనను నేను తిట్టని తిట్టు లేదు.

అప్పుడు అవతలి తలుపులోనుంచి నాయన లోపలికి వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకొని, తుండు చేతిలో పట్టుకొని ఉన్నాడు. ఎవరు నువ్వని ఆఫీసరు అడిగేలోపలే చెప్పేశాడు.

"ఉలవలు ఉండె సార్. అవి నావే. బస్సుకు అడ్డం పోయింది గూడా నేనే."

"మామా, నువ్వు ఊరుకో" అన్నాడు మా ఆయన లేచి.

"నువ్వు ఊరుకోప్పా. బస్సులో నీ మాట ఇంటాము. ఈడ నా మాట ఇను."

ఆఫీసరు పెన్ను పక్కన పెట్టాడు. "పంట బాగా తొక్కించుకోవాలని అడ్డం వచ్చావా?" అన్నాడు. అంతవరకూ నేనూ అదే అనుకుంటున్నాను.

"లేదు సార్. ఉలవల సంగతే మర్చిపోయినా. ముందర సీట్లో నా బిడ్డ కనపడె. దసరాకు వచ్చిపోయినాక మళ్ళ అప్పుడే చూడ్డం. చిన్నోన్ని ఒళ్ళో పెట్టుకోని ఉండె. కాళ్ళు ఆగలేదు సార్. అది బస్సని గూడా అనుకోలేదు."

ఆఫీసరు కాగితం అటూ ఇటూ తిప్పి, "దీన్ని ఏ కారణం కింద రాసుకోవాలయ్యా?" అన్నాడు.

"ఏమన్నా రాసుకో సార్. కేసు పెడ్తే పెట్టు. వేగం అని మాత్రం రాయొద్దు. ఆ పొద్దు అల్లుడు వేగంగా వచ్చుంటే ఈడికి వచ్చి చెప్పేదానికి నేను ఉండేవాన్నే కాదు."

ఆఫీసరు 'ఇతర కారణాలు' అని రాసుకున్నాడు. ఆ తర్వాత నాయనను స్టేషనుకు పిలిచి, నాలుగు చీవాట్లు పెట్టి, మళ్ళీ రోడ్డు మీద పంట వేయనని వేలిముద్ర వేయించుకొని పంపారు. మా ఆయనను హెచ్చరించి అదే బస్సు మీదికి ఎక్కించారు. మరుసటి ఏడు ఊరంతా మళ్ళీ రోడ్డు మీదే పరిచింది. మా నాయన ఒక్కడే పక్కూరినుంచి ఎద్దులను అడిగి తెచ్చుకొని కళ్ళంలో గుండు తిప్పాడు.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ పొద్దు విచారణ ముగిసి మామా అల్లుడూ అవతలి తలుపులోనుంచి బయటికి వచ్చారు. వాళ్ళకూ నాకూ మధ్యలో బస్సులు తిరిగే జాగా. నేను చంకలో బిడ్డతో, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఎండలో నిలబడి ఉన్నాను. నాయన నన్ను చూశాడు. ముఖమంతా నవ్వు అయిపోయింది. "ఎప్పుడు వస్తివి పాపా! ఎండలో ఎందుకు నిలబడ్డావు?" అని చెయ్యెత్తి, అటూ ఇటూ చూడకుండా నేరుగా నా వైపు నడిచేశాడు. ఒక బస్సు వెనక్కి తిరుగుతోంది. "మామా!" అని అరిచి మా ఆయన ఆయన చెయ్యి పట్టి గుంజాడు. బస్సు వెళ్ళిపోయింది. అయినా ఆయన ఆ చెయ్యి వదలలేదు. అట్లాగే పట్టుకొని, రెండు పక్కలా చూసుకుంటూ, మా నాయనను నా దగ్గరికి నడిపించుకొచ్చాడు.