కుడి చక్రం

నా చిన్నప్పుడు టాటానగర్ దగ్గర సిద్ధగోరాలో మేమున్న వీధి బాగా ఏటవాలుగా ఉండేది. మా పెదనాన్న ఎవరి దగ్గరో కొన్న పాత కారుని ఎగువకి ముఖం పెట్టి ఇంటి ముందే నిలిపేవాడు. టాటానగర్ రైల్వేలో వ్యాగన్ల బ్రేకులు చూసే ఉద్యోగం ఆయనది. తన కారు హ్యాండ్ బ్రేకుని ఇంకో మెకానిక్కు ముట్టుకోవడం ఆయనకి నామోషీ.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక ఆదివారం పొద్దున్న, నన్ను సాయానికి పిలిచాడు. ముందు చక్రాల వెనక ఇటుకలు పెట్టి, వెనక ఎడమ చక్రాన్ని జాకీతో లేపి, కింద దూరి కేబులు బిగించాడు. తరవాత లోపల కూర్చుని హ్యాండ్ బ్రేకు లాగాడు. నేను చక్రాన్ని రెండు చేతులతో తిప్పి చూడాలి, కదలకపోతే "ఓకే" అనాలి.

"మా సెడ్డులో చక్రం కాడున్నోడు ఓకే అన్నాడంటే ఇంకెవుడూ మల్లీ సూడ్డు. ఆడి మాటే మాట. తెలిసిందేటి?" అన్నాడు.

ఎడమ చక్రం నిజాయితీగానే తిప్పాను. చేతులు నల్లగా మసి అయ్యాయి. కుడి చక్రం వంతు వచ్చేసరికి ఎదురింటి పిల్లలు తొక్కుడుబిళ్ళ మొదలుపెట్టేశారు. నా ప్రాణమంతా అక్కడే ఉంది. చక్రం మీద చెయ్యి కూడా వెయ్యకుండా "ఓకే" అని అరిచాను.

ఆయన దిగి, జాకీ దించాడు. "సూసేవా?" అన్నాడు.

"సూసేను."

"పక్కా?"

"పక్కా."

"అయితే మీ తమ్ముణ్ణి తెచ్చి కారెనకాల నిలబెట్టు."

మా తమ్ముడికి మూడేళ్లు. నేనే వెళ్లి వాణ్ణి ఎత్తుకొచ్చాను. కదలకుండా ఉంటాడని చేతికి బిస్కెట్టు కూడా ఇచ్చాను. ఆయన గేరు వేసి ఇటుకలు తీసేసి, లోపల కూర్చుని, కాలితో బ్రేకు తొక్కి, గేరు తీసి, హ్యాండ్ బ్రేకు లాగి, కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"కాలు తీసెత్తన్నాను. సూడనేదంటే ఇప్పుడే సెప్పీ."

చెబితే తిడతాడు, మహా అయితే రెండు తగిలిస్తాడు. అది నాకు తెలుసు. అయినా చెప్పలేదు. కళ్లు గట్టిగా మూసుకున్నాను. కారు జానెడు వెనక్కి జరిగి ఆగింది. "గాడీ ఆయా!" అని, బండొచ్చిందంటూ మా తమ్ముడు కేరింతలు కొట్టాడు.

పెదనాన్న గేరు వేసి దిగి, ఇటుకలు మళ్లీ పెట్టి, వాణ్ణి పక్కకి లాగి, నా ముందుకొచ్చాడు.

"నా కాలు బ్రేకు మీదే ఉంది. జరిపిందీ నేనే, ఆపిందీ నేనే. నువ్వు చక్రం ముట్టుకోనేదని అద్దంలో అప్పుడే సూసేను. ఎంతదాకా పోతావో సూద్దారనుకున్నాను."

మళ్లీ జాకీ వేసి, గేరు తీసి, హ్యాండ్ బ్రేకు లాగి, కుడి చక్రాన్ని నా చేత తిప్పించాడు. అది గిర్రున తిరిగింది.

ఆయన నన్ను కొట్టలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ సంగతంతా పూసగుచ్చినట్టు అందరికీ చెప్పాడు. ఎవరూ నన్ను తిట్టలేదు. నా పక్కన కూర్చుని అన్నం తింటున్న తమ్ముణ్ణి మా అమ్మ మాత్రం ఎత్తి, అవతలి పక్కన కూర్చోబెట్టుకుంది.

మూడేళ్ల పిల్లాణ్ణి అడ్డం పెట్టి నన్ను పరీక్షించినందుకు పెదనాన్న మీద నాకు ఇవాళ్టికీ కోపమే. ఆయన పోయినప్పుడు కూడా అది పోలేదు. కానీ ఆయన్ని ఎంత తిట్టుకున్నా, పిల్లాణ్ణి మోసుకెళ్లింది నేను.

మా తమ్ముడికి ఆ రోజు గుర్తులేదు. ఇప్పుడు మనవలున్నవాడు. నన్ను ఎవరికి పరిచయం చేసినా, "మా అక్క, నన్ను ఎత్తుకుని పెంచింది" అంటాడు. నేను నవ్వి ఊరుకుంటాను. ఇన్నేళ్లలో వాడికి నిజం చెప్పడానికి ఎన్నిసార్లో నోరు తెరిచాను. ఒక్కసారి కూడా చెప్పలేదు.