మోగని అలారం కోసం ఒక సెలవురోజు

మా వదిన బస్సు నడుపుతుంది. ఈ ముక్క చెప్పగానే ఎదుటివాళ్ళు కళ్ళు పెద్దవి చేసి, "ఆవిడకి భయం వెయ్యదా?" అంటారు. భయపడాల్సింది ఎదురొచ్చేవాళ్ళు అంటాను నేను. ఊరికే అంటాను గానీ, ఇన్నేళ్ళలో ఆవిడ బస్సు మరో బండికి చిన్న గీత కూడా పెట్టలేదు. చెయ్యి అంత నిదానం. నోరు మాత్రం నిదానం కాదు.

తెల్లవారకముందే డిపో నుంచి కదిలే మొదటి బస్సు ఆవిడది. ఆసుపత్రి ఆయాలు, వీధులు ఊడ్చేవాళ్ళు, మిల్లులో పొద్దున్న షిఫ్టువాళ్ళు అందులోనే వెళ్తారు. అంతకుముందు చాలాకాలం ఆవిడకి సాయంత్రం డ్యూటీ ఉండేది. పాప బడి నుంచి వచ్చే వేళకి ఈవిడ డిపోలో, ఈవిడ ఇల్లు చేరే వేళకి పాప నిద్రలో. బడి కబుర్లన్నీ ఆ పిల్ల మా అమ్మకి చెప్పుకునేది. మా అమ్మకి సరిగా వినిపించదు. కూతురి కబురు అత్తగారి నోట పడి, సగం మారిపోయి తన దగ్గరికి చేరేసరికి వదినకి ప్రాణం ఉసూరుమనేది. డిపో చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి మొదటి బస్సు సంపాదించుకున్నాక మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేస్తోంది. బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడి ఉంటోంది. దానికోసం చీకట్లో లేవడం ఆవిడకి ఒక కష్టమే కాదు.

లేపాల్సింది ఫోను. మా అన్నయ్యకి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, వదిన వెళ్ళాక గానీ ఇల్లు చేరడు. మా అమ్మ చెవి మిషను తీసి పక్కన పెట్టి పడుకుందంటే ఇంటి కప్పు కూలినా లేవదు. నేనా, రెండు వీధుల అవతల నా సంసారం నాది.

ఒకరోజు ఆ ఫోను అప్‌డేట్ అడిగింది. కొత్త హంగులు వస్తాయి, బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది, నొక్కండి అంది. వదిన నొక్కింది. హంగులు వచ్చాయి. బ్యాటరీ కూడా నిలిచింది, అబద్ధమెందుకు చెప్పాలి. అలారం మాత్రం చెడింది. పూర్తిగా చెడినా బాగుండేది. ఒకరోజు మోగుతుంది, ఒకరోజు మోగదు. మోగనిరోజు మనకే మెలకువ వచ్చి, గుండె గుభేలుమని ఫోను చేతిలోకి తీసుకోగానే, "మీరు ఒక అలారం మిస్సయ్యారు" అని తెరమీద చూపిస్తుంది. తప్పు మనదేనన్నట్టు! ఆ మాట చూస్తే నాకే ఒళ్ళు మండేది, బస్సు పోగొట్టుకునే మనిషికి మండదా?

మొదటిసారి ఆలస్యమైనప్పుడు వదిన కంపెనీవాళ్ళ సహాయ నంబరుకి ఫోన్ చేసింది. పాట వినిపించింది. పాట మధ్యమధ్యలో "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని ఒక తియ్యటి గొంతు. అంత ముఖ్యమైన కాల్‌ని కిటికీలో పెట్టి మా వదిన బట్టలు ఉతికి, జాడించి, ఆరేసింది కూడా. చివరికి మనిషి దొరికాడు.

"ఒకసారి ఫోను అప్‌డేట్ చేసుకోండి మేడమ్."

"చేసుకున్నాకే బాబూ ఈ గోలంతా."

"అయితే తర్వాతి అప్‌డేట్ వచ్చేదాకా ఆగండి మేడమ్. ఇంకేమైనా సహాయం కావాలా?"

"ఇప్పటిదాకా చేసిన సహాయం ఏమిటో చెప్పు నాయనా, ఇంకేం కావాలో అప్పుడు చెప్తాను."

అవతల ఫోను పెట్టేశారు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని సర్వీసు సెంటరుకి వెళ్ళింది. కౌంటరు వెనక నీలం కోటు వేసుకున్న అమ్మాయి మర్యాదగానే విని, రెండు నిమిషాల తర్వాతకి అలారం పెట్టింది. అది అద్దాల బీరువా అదిరేలా మోగింది. "చూశారా మేడమ్, ఫోన్లో లోపమేం లేదు," అంది. వదిన మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. ఇంటికి వచ్చేదాకా దారిపొడవునా ఆ ఫోనుని తిడుతూనే ఉంది.

తర్వాత మళ్ళీ ఒకరోజు అది మోగలేదు. ఈసారి పాప లేపితే లేచింది. డిపోకి చేరేసరికి బస్సు కోసం కాసుకుని విసిగిపోయిన జనం మేనేజరు గదిలో ఫిర్యాదు చేస్తున్నారు. వాళ్ళు వెళ్ళాక మేనేజరు వదినని పిలిచాడు.

"ఫోను మోగలేదు సార్," అంది వదిన.

"ఆలస్యంగా వచ్చిన ఏ డ్రైవరైనా చెప్పే మాటే కదమ్మా అది. నువ్వు అబద్ధం చెప్తున్నావని అనను. కానీ పైవాళ్ళకి నేనేం చెప్పాలి? లోపం ఫోనుదేనని ఆ సర్వీసు సెంటరువాళ్ళ చేత ఒక్క మాట చెప్పించు. రేపు నీకు సెలవేగా, రేపటిలోగా చెప్పించావా, మొదటి బస్సు నీదే. లేదంటే ఎల్లుండి నుంచి సాయంత్రం డ్యూటీకి మారు."

వేరే అలారం పెట్టుకోవచ్చుగా అని మీరు అడగబోతున్నారని తెలుసు. పొరుగింటివాళ్ళ పాత బటన్ల ఫోను అడిగి తెచ్చుకుని ఆ రోజే దిండు కింద పెట్టుకుంది. ఇకమీద లేవడానికి ఢోకా లేదు. అయిపోయిన రెండు రోజుల మచ్చ చెరపాలి, అదీ ఒక్క రోజులో.

నేను పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణంలో సెలవు చెప్పి ఆవిడతో బయలుదేరాను. దారిలో నేను ఒకటే పళ్ళు నూరుతున్నాను. వాళ్ళని నిలదీయాలి, కడిగిపారెయ్యాలి అంటున్నాను. సర్వీసు సెంటరు తలుపులు అప్పుడే తెరిచారు. ఆవిడ సరాసరి నీలం కోటు అమ్మాయి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మాయ్, నేను అరవడానికి రాలేదు. ఈ అలారం వల్ల నా డ్యూటీ మారిపోతోంది. అది మారితే నా కూతురు మేలుకుని ఉండగా నేను ఇంట్లో ఉండను. లోపం ఉందో లేదో నువ్వే తేల్చు. లేదని తేలితే నోరు మూసుకుని వెళ్ళిపోతాను."

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, గొంతు తగ్గించింది.

"నాకూ అనుమానంగానే ఉంది మేడమ్. ఈ అప్‌డేట్ వచ్చాక ఇలాంటివి వస్తూనే ఉన్నాయి. బ్యాటరీ మిగల్చడానికి, గంటల తరబడి ముట్టుకోకపోతే ఫోను గాఢనిద్రలోకి పోయేలా చేశారు. దాంతోపాటు అలారం కూడా పడుకుంటోందేమో. మేం రెండు నిమిషాలకి పెట్టి చూస్తాం, అప్పటికి అది కునుకైనా తియ్యదు. అంతసేపు ఒక్క ఫోను పెట్టుకుని కూర్చోడానికి మాకు టైమివ్వరు."

"టైము నా దగ్గరుంది. ఇవాళ నాకు సెలవు."

"అయితే ఫోను వదిలేసి వెళ్ళండి, సాయంత్రం చూసి చెప్తాను."

"వదల్ను తల్లీ. ఎవరో ఒకరు ముట్టుకుంటారు. నేనే కాపలా ఉంటాను."

దుకాణం మూసే వేళకి కాస్త ముందుగా మోగేలా అలారం పెట్టి, ఫోనుని కౌంటరు చివర పడుకోబెట్టారు. అవును, పడుకోబెట్టారనే అనాలి. అట్టముక్క మీద 'ముట్టుకోవద్దు' అని రాసి పక్కన నిలబెట్టారు. ఎదురుగా ఇనపకుర్చీలో వదిన, పక్కన నేను. అంత బస్సుని నడిపే మనిషి అరచేతంత ఫోనుకి కాపలా కూర్చోవడం చూస్తే నవ్వొచ్చింది గానీ, ఆవిడ కళ్ళు చూసి మింగేశాను.

వచ్చిపోయేవాళ్ళందరివీ అవే కష్టాలు. ఒకావిడ ఫోటో తీస్తే మనుషులు ఆకుపచ్చగా వస్తున్నారట. ఒక పెద్దాయన అయితే గుమ్మంలోంచే కేకలేస్తూ వచ్చాడు. కోపంతో అనుకుని మేమంతా సర్దుకుని కూర్చున్నాం. తీరా చూస్తే కోపం కాదు. అప్‌డేట్ అయ్యాక ఆయన మాట అవతలివాళ్ళకి వినపడటం మానేసిందట, అరిచి అరిచి ఆయనకి అదే అలవాటైపోయింది.

"ఎవరమ్మా ఆ ఫోను పక్కన అట్ట పెట్టింది?" అని అరిచాడు.

వదిన సంగతంతా చెప్పింది. ఆయనకి తెగ నచ్చేసింది. "అంటే మనం అది మోగకూడదని కూర్చున్నామా? భేష్!" అని తన పని మర్చిపోయి మా వరసలో కుర్చీ లాక్కున్నాడు. ఎవరైనా కౌంటరు వైపు చెయ్యి చాపితే చాలు, "ఏయ్, అది నిద్రపోతోంది!" అని గద్దించేవాడు. ఆ గద్దింపుకి మనుషులు బెదిరారు గానీ, ఫోను మాత్రం బెదరలేదు.

మధ్యాహ్నందాకా అంతా సవ్యంగా నడిచింది. అప్పుడు ఫోను గణగణమని మోగింది. అలారం కాదు, మా అన్నయ్య. రాత్రంతా పనిచేసి పడుకున్న మనిషి, నిద్రలోంచి లేచి మరీ ఫోన్ చేశాడు.

"ఏమైంది? తేలిందా? నాకు నిద్ర పట్టట్లేదు," అన్నాడు.

"మీ ప్రేమ తగలెయ్య! ఇప్పటిదాకా పడుకున్నదాన్ని లేపేశారు కదండీ!"

"ఎవర్ని? అమ్మనా?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీలం కోటు అమ్మాయి నొసలు చిట్లించి గడియారం చూసింది. మళ్ళీ మొదటి నుంచి మొదలట, మూసేలోపు గాఢనిద్రకి చేరుకుంటుందో లేదో చెప్పలేనంది. వదిన మొహం వాడిపోయింది. పొద్దుటి నుంచి బిగబట్టుకున్న మనిషి కుర్చీలో వెనక్కి వాలి, "ఇది కూడా నా రాతే," అంది. ఆ మాట ఆవిడ నోట నేనెప్పుడూ వినలేదు.

వెంటనే నా ఫోను తీసి చుట్టాలందరికీ వరసగా ఫోన్లు చేశాను. ఇవాళ ఎవరూ వదినకి ఫోన్ చెయ్యొద్దని చెప్పాను. ఎందుకని అడిగినవాళ్ళకి విడమరిచే ఓపిక లేక, "గొడవలేం లేవు, ఊరికే," అన్నాను. దాంతో మా ఇంట్లో ఏదో పెద్ద గొడవే జరిగిందని సాయంత్రానికల్లా చుట్టాల్లో గుప్పుమంది.

బడి వదిలే వేళకి నేనే వెళ్ళి పాపని తీసుకొచ్చాను. వచ్చేసరికి దుకాణంలో జనం తగ్గలేదు సరికదా, పని అయిపోయినవాళ్ళు కూడా వెళ్ళకుండా నిలబడి ఉన్నారు. పాప తల్లి ఒళ్ళో కూర్చుని గొంతు తగ్గించి బడి కబుర్లు చెప్తోంది. వదిన ఒక కన్ను ఫోను మీదుంచి వింటోంది.

వేళ దగ్గరపడింది. అందరి కళ్ళూ గోడ గడియారం ముల్లు మీదే ఉన్నాయి. పెద్దాయన కేక రాకుండా నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు. నీలం కోటు అమ్మాయి తన ఫోనులో వీడియో తీస్తోంది. ముల్లు అలారం వేళ మీదికి వచ్చింది. మోగలేదు. దాటింది. మోగలేదు. ఇంకాసేపు ఆగాం. ఎంతసేపని! ఆ అమ్మాయి వేలితో మెల్లగా తెర తాకింది. "మీరు ఒక అలారం మిస్సయ్యారు."

"మిస్సవలేదు! ఇంతమందిమి కళ్ళప్పగించి చూస్తున్నాం!" అని పెద్దాయన పెట్టిన కేకకి వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక వస్తువు పనిచెయ్యనందుకు మనుషులు అంత సంతోషించడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ అమ్మాయి అక్కడికక్కడే, అందరికీ వినిపించేలా స్పీకరు పెట్టి, డిపో మేనేజరుకి ఫోన్ కలిపింది. "సర్వీసు సెంటరు నుంచి సార్. లోపం ఫోనుదే. ఆవిడ తప్పేం లేదు, మా ముందే తేలింది," అంది. "మొదటి బస్సు ఆవిడకే ఉంటుందని చెప్పండి," అన్నాడు మేనేజరు. ఆపైన కాస్త నసిగి, "ఇంతకీ అది ఏ ఫోనండీ? మా ఇంట్లోనూ ఒకటుంది," అని అడిగాడు. వీడియో కంపెనీకి పంపించింది ఆ అమ్మాయి. ఇక వాళ్ళు లోపం కనబడలేదనడానికి వీల్లేదంది. వదిన ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది.

అందరూ నవ్వుతున్నారు. పాప ఒక్కతే నవ్వట్లేదు.

"అయితే రేపు మళ్ళీ నేను నిద్రపోతుండగానే వెళ్ళిపోతావా?" అంది.

"వెళ్తేనే కదే మధ్యాహ్నం నీ దగ్గరుండేది?"

"మధ్యాహ్నం ఉంటావు. పొద్దున్న కళ్ళు తెరిచేసరికి ఉండవు. వెళ్ళేటప్పుడు నాకు చెప్పనే చెప్పవు."

"నీ నిద్ర పాడవుతుందని లేపను తల్లీ."

"పాడవనీ. లేపు."

సహాయ నంబరువాడికీ, మేనేజరుకీ, మొగుడికీ బదులు చెప్పగల మా వదిన, పాప తల మీద గడ్డం ఆనించి, ఆ జనం మధ్యలోనే ఏడ్చింది. పాపం, చెప్పులు చేతపట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళడమే ప్రేమనుకుంది ఇన్నాళ్ళూ. నాకూ కళ్ళు నిండాయి. "సరే, చెప్పే వెళ్తాను," అంది చివరికి.

కొన్ని వారాలకి కొత్త అప్‌డేట్ వచ్చింది. 'కొన్ని చిన్న లోపాలు సరిచేశాం' అని రాశారు. చిన్నవట! వదిన నాలుగు తిట్లు తిట్టి, నొక్కింది. ఇప్పుడు అలారం రోజూ మోగుతోంది.

మొన్న ఒకరోజు వాళ్ళింట్లో పడుకుని చూశాను. వదిన తయారై, మంచం అంచున కూర్చుని పాప భుజం తట్టింది. "వెళ్తున్నానే," అంది. పాప కళ్ళు తెరవకుండానే, "జాగ్రత్తగా నడుపు," అని అటు తిరిగి పడుకుంది. ఆ మాట విన్నాకే వదిన లేచి చెప్పులేసుకుంది.