ఎండు చేప ముట్టని మునసబు

మునసబు పదవులు ఎత్తేసి చాలా ఏళ్ళయిపోయినా, సఖినేటిపల్లి రేవు దగ్గర సీతారత్నం ఎండు చేపల కొట్లో మాత్రం ఒక మునసబు కొనసాగుతూనే ఉండేవాడు. బూడిద రంగు, చిరిగిన చెవి, నడకలో అధికారం. పొద్దస్తమానం గుమ్మంలో పడుకుని వచ్చేపోయేవాళ్ళని అరకన్నుతో చూడటం తప్ప పిల్లిగారు ఏ పనీ చేస్తున్నట్టు కనిపించరు గనక ఆ పేరు పెట్టింది సీతారత్నమే. నిజానికి పని బాగానే చేసేవాడు. తొంభయ్యారు తుఫాను తర్వాత ఎలకలు పెరిగిపోయి బస్తాలు కొరికిపారేస్తుంటే, అంతర్వేదిలో చెల్లెలి ఇంటి నుంచి వాణ్ణి చేతిసంచిలో వేసుకొచ్చింది. వాడు కాస్త ఎదిగేసరికి కొట్లో ఎలక అలికిడి లేదు.

చేపల కొట్టుకి పిల్లిని కాపలా పెట్టడమేమిటని తెలియనివాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. దానికో పద్ధతి ఉంది, సీతారత్నానికి అత్తగారు నేర్పింది. కూన తిరగడం మొదలెట్టగానే ఎండు చేప తలకాయకి దట్టంగా కారం పట్టించి ముందు పడేస్తారు. ఒక్కసారి కొరికిందంటే ఇక బతికున్నన్నాళ్ళూ ఎండు చేప జోలికి రాదు. అక్కణ్ణించి దానికి పెట్టేదంతా తడి తిండే. పచ్చి చేపల తలకాయలూ పేగులూ ఉడకబెట్టి, అన్నంలో పిసికి, సొట్ట సత్తుగిన్నెలో పెట్టాలి. ఎండుది అలవాటయిందా, కాపలావాడే దొంగవుతాడు.

కారం తలకాయ కొరికిన రోజు మునసబు పెట్టిన గోల ఏటి అవతల నరసాపురం దాకా వినిపించిందని పోలయ్య చెబుతాడు. పోలయ్య సీతారత్నం మొగుడు, రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు మీద పని. అతను ఏం చెప్పినా సగానికి సగం తీసేసుకోవాలి.

సీతారత్నం వ్యాపారమంతా ఒక్క మాట మీద నడిచేది. "మా సరుకు పిల్లి మూతి ఎరగదండీ." ఆ మాట నమ్మే, మలికిపురం నుంచి బాపిరాజుగారు ఇంట్లో అంతమంది పనివాళ్ళుండగా తనే స్కూటరేసుకుని వచ్చేవారు. కొబ్బరితోటల ఆసామి, శుభ్రం పిచ్చి. బుట్టలో చెయ్యి పెట్టబోయే ముందు గుమ్మంలోని పిల్లిని ఒకసారి, బుట్టని ఒకసారి చూసేవారు.

"ముట్టుకోడు కదా?"

"ఆయ్, చచ్చినా ముట్టుకోడండీ రాజుగారూ."

ఆ రాజుగారు కొంటున్నారని మిగతావాళ్ళూ కొనేవారు.

ఒక వేసవిలో విశాఖపట్నం నుంచి కూతురు జ్యోతిర్మయి వస్తూ పిల్లి బొమ్మ ఉన్న రంగుల పాకెట్టు తెచ్చింది. లోపల బఠాణీల్లాంటి గోధుమరంగు బిళ్ళలు.

"పట్నంలో పిల్లులన్నీ ఇదే తింటున్నాయమ్మా. వండక్కర్లేదు, కంపుండదు."

సీతారత్నం మొహం మాడ్చుకుంది. "పొడిగా ఉందిగదే."

"చేప కాదమ్మా ఇది."

"ఏదైతేనేం, ఎండుది ఎండుదే."

వాదన తేలక బిళ్ళలు మునసబు ముందు పోశారు. వాడు వాసన చూసి, వెనక్కి తిరిగి, తోక చూపించి పోయాడు. పోలయ్య ఒక బిళ్ళ నోట్లో వేసుకుని ఉప్పు లేదన్నాడు. మిగతాది కోళ్ళు తిన్నాయి. పిల్లి పెంపకం అంటే ఇదీ అని సీతారత్నం రేవంతా చెప్పుకుంది.

రెండు వేల ఆరులో గోదావరి ఆ గర్వం దింపింది. కొట్లోకి నీళ్ళొచ్చాయి. సరుకు అటకెక్కించి, చేతికందిన ఎండు నెత్తళ్ళ చేపల బుట్టా గిన్నెలూ మునసబునీ పట్టుకుని మొగుడూ పెళ్ళాలు ఏటిగట్టు మీద టార్పాలిన్ కిందకి చేరారు. అప్పటికి మునసబు ముసలివాడు, పళ్ళు సగం ఊడిపోయాయి. పంటు ఆగిపోయింది, వల వేసే నాథుడు లేడు. పోలయ్య పౌరుషానికి గేలం వేస్తే కొబ్బరి మట్ట పడింది. లాంచీలో పంచిన పులిహోర పొట్లం వాసన చూసి మునసబు తుమ్మాడు. పాలపొడి కలిపి పోస్తే కక్కేశాడు.

ఇక లేవడం మానేశాడు. డొక్కలు లోపలికి పోయాయి. పక్కనే బుట్టెడు నెత్తళ్ళు.

సీతారత్నానికి అత్తగారు గుర్తొచ్చింది, బాపిరాజుగారు గుర్తొచ్చారు, రేవంతా చెప్పుకున్న గొప్పలు గుర్తొచ్చాయి. కాసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి చుట్టూ ఎవరూ చూడటం లేదని చూసుకుని ఒక నెత్తల్లు తీసి వాడి మూతి దగ్గర పెట్టింది. వాడు మొహం తిప్పేసుకున్నాడు. మళ్ళీ పెట్టింది. లేవలేనివాడు ఎలాగో లేచి, జరిగి, దూరంగా పడుకున్నాడు. కూనగా ఉన్నప్పుడు తను రాసిన కారం ఇంకా వాడి నాలిక మీదే ఉంది.

"తినరా నీ మొహంమండా! కారం లేదురా దీనికి!" అని అరిచి భోరుమంది. వరదలో ఇల్లు పోయినవాళ్ళు కూడా ఏడుపు ఆపి ఆవిడకేసి చూశారు.

అప్పుడు సొట్టగిన్నె కనిపించింది. తాగడానికిచ్చిన మంచినీళ్ళ పాకెట్టు పళ్ళతో కొరికి అందులో పోసింది.

"మనకి తాగడానికే లేవు గదే," అన్నాడు పోలయ్య.

"నువ్వు నోర్ముయ్యి మావా."

నెత్తళ్ళు నానేసి, ఉప్పు పోయేలా నీళ్ళు మార్చి, ముళ్ళు తీసి, పక్కవాళ్ళనడిగి తెచ్చిన పిడికెడు అన్నంలో మెత్తగా పిసికి, అదే గిన్నెలో ముందు పెట్టింది. మునసబు గిన్నెని చూశాడు, ఆవిణ్ణి చూశాడు. ఒకసారి నాకాడు. ఆ తర్వాత తల ఎత్తలేదు. సీతారత్నం ముక్కు చీదుకుంటూ వాడి వీపు నిమురుతూ కూచుంది.

వరద తీసింది, కొట్టు తెరిచారు, పచ్చి చేపలూ వచ్చాయి. కానీ పద్ధతి చెడింది. గిన్నెలో తిన్నదేదో వాసన పట్టి, మునసబు నేరుగా బుట్టల దగ్గరికే వెళ్ళడం మొదలెట్టాడు. సీతారత్నం తిట్టేది గాని కొట్టలేకపోయేది. కారం తలకాయ మళ్ళీ పెట్టు అన్నాడు పోలయ్య. ఆ మాటకి అతనికి ఆ పూట కూర లేదు.

బాపిరాజుగారు స్కూటరు దిగి లోపలికొచ్చేసరికి మునసబు నెత్తళ్ళ బుట్టలో తల పెట్టి ఉన్నాడు.

"ఏవిటిది సీతారత్నం?"

చేట అడ్డం పెట్టొచ్చు, పక్కింటి పిల్లి అనొచ్చు. అబద్ధాలు చాలానే ఉన్నాయి. సీతారత్నం నోటికి ఒక్కటీ రాలేదు.

"ఆయ్, మునసబుగారు రిటైరైపోయేరండీ. అది ఆయన పింఛనండీ."

"అయితే సరుకు పిల్లి మూతి..."

"ఎరుగునండీ."

రాజుగారు తెచ్చిన సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. స్కూటరు చప్పుడు ఏటిగట్టు మలుపు తిరిగేదాకా ఆవిడ గుమ్మంలో నిలబడింది. తర్వాత లోపలికొచ్చి, మునసబునీ వాణ్ణి కన్న పిల్లినీ అంతర్వేదిలో ఉన్న చెల్లెల్నీ కలిపి నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టి, వాడు నమల్లేక వదిలేసిన నెత్తల్లు తీసుకెళ్ళి సొట్టగిన్నెలో నానేసింది.