ఎండాకాలం టైర్లు

మా ఊళ్లోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. గుంటూరులో టైర్ల కొట్టాయన మా కారు కోసం మూడు రకాల టైర్ల బొమ్మలు చూపించాడు. ఎండాకాలం తారురోడ్డుకు గట్టి పట్టునిచ్చేవి, గాలి పోయినా కొంతదూరం నడిచేవి, అన్ని కాలాలకూ పనికొచ్చేవి.

“అన్ని కాలాలవే తీసుకోండి” అంది మా ఆవిడ.

నేను కసిరాను. “కారు తిరిగేది మిరపకాయలు ఎండే రోజుల్లోనే. వానతో నాకేం పని?” అని ఎండాకాలానివే వేయించాను.

ఆ మార్చిలోనే, ప్రత్తిపాడు అవతల మా కళ్లంలో కాయలు పరిచి ఉండగా మబ్బు పట్టింది. కప్పాల్సిన టార్పాలిన్ పట్టాలేమో, దొంగల భయంతో నేను డిక్కీలో దాచాను. ఇద్దరం కారులో పరిగెత్తాం. చేలదారి ఎక్కేసరికి జల్లు మొదలైంది. నల్లరేగడి టైర్లకు చుట్టుకుంది. ఎంత తొక్కినా చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి. ఎదురుగా కళ్లం ఎర్రగా కనబడుతూనే ఉంది.

“నువ్వు బయలుదేరడమే ఆలస్యం చేశావు!” అని ఉక్రోషంతో అరిచాను.

ఆమె చెప్పులు కారులోనే విడిచి, పట్టాల మోపు నెత్తికెత్తుకుని బురదలోకి దిగింది.

“దిగండి,” అంది వెనక్కి చూడకుండా, “ఈ కాళ్లు అన్ని కాలాలవే.”