సాగిన్‌బెక్ అన్న మీటల ఫోను

సాగిన్‌బెక్ అన్న బొటనవేళ్ళు ఖాళీగా ఉండగా చూసినవాళ్ళు బిష్కెక్‌లో ఎవరూ లేరు. మీరు ఆయనతో కష్టసుఖాలు చెప్పుకుంటూ ఉంటారు, ఆయన తల ఊపుతూ ఉంటాడు, కోటు జేబులో మాత్రం వేళ్ళు ఫోను మీటల మీద పరుగులు పెడుతుంటాయి. కన్నెత్తి చూడకుండానే ఎవరికో మెసేజి వెళ్ళిపోతుంది.

మా సరుకు రవాణా ఆఫీసులో డ్రైవర్లందరి బాగోగులూ ఆయనవే. పక్క బల్ల దగ్గర కస్టమ్స్ కాగితాలు చూసే నేను ఎనిమిదేళ్ళు ఆ టిక్కుటిక్కులు భరించాను. మేమంతా టచ్ ఫోన్లకు మారినా ఆయన ఆ నల్ల మీటల ఫోను వదల్లేదు. చేతికి ఉన్ని తొడుగు ఉన్నా పనిచేస్తుందని, మెసేజి రాగానే మూల ఎర్రదీపం వెలుగుతుందని మురిసిపోయేవాడు. తెర చూస్తే అగ్గిపెట్టెంత. మ్యాపు తెరిస్తే దేశం కనబడేది గానీ దారి కనబడేది కాదు. ఇక అలిగిందంటే వెనక మూత తీసి, బ్యాటరీ పీకి, మళ్ళీ పెట్టాలి. తిరిగి లేవడానికి దానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ అన్న పురిటి గది బయట తండ్రిలా పచార్లు చేసేవాడు.

డ్రైవర్లకు ఆయనంటే ఒళ్ళుమంట. కొండదారిలో లారీ ఆగిపోతే చాలు, పావుగంటకో పనికిమాలిన ప్రశ్న. పొద్దున ఏం తిన్నావు? కిటికీలోంచి ఎన్ని స్తంభాలు కనబడుతున్నాయి? మీ నల్లగొర్రె ఈసారి ఎన్ని ఈనింది? జవాబు రాకపోతే వచ్చేదాకా వదలడు. పనీపాటా లేని మనిషని వాళ్ళు తిడుతుంటే నేనూ వంత పాడేదాన్ని.

ఆ జనవరిలో మా యజమాని మనవడి తొలి అడుగుల వేడుక జరిగింది. మధ్యాహ్నం భోజనాల్లో గొర్రె తలకాయను పెద్దమనిషికిచ్చే మర్యాదగా అన్న ముందు పెట్టారు. ఆయన దాన్ని కోసి పంచితే తప్ప ఇంకెవరూ మాంసం ముట్టడానికి లేదు. అన్న కుడిచేత్తో కత్తి పట్టుకుని ఎడమచేత్తో మెసేజి కొడుతున్నాడు. చెవి కోశాడు, టిక్కుటిక్కు. కన్ను తీశాడు, టిక్కుటిక్కు. నలభై మంది ఆకలితో నకనకలాడుతూ చూస్తున్నారు. యజమాని మొహం మాడిపోయింది. ఆఫీసు పరువంతా పోతోందని నాకు చెమటలు పట్టాయి.

అంతలో గొర్రె కొవ్వు మీటల్లోకి దిగింది. ఒక మీట లోపలికి ఇరుక్కుని తెర నిండా ఒకే అక్షరం బారులు తీరింది. ఆపైన ఫోను బిగుసుకుపోయింది. అన్న కత్తి పక్కాయన చేతిలో పెట్టి, ఉన్నపళాన లేచి బయటికి నడిచాడు. చీవాట్లు పెట్టడానికి నేనూ వెంటపడ్డాను.

వసారాలో ఆయన ఫోను మూత తీసి బ్యాటరీ పీకుతున్నాడు.

"ఎర్‌మెక్ లారీతో కొండ కనుమ మీద ఇరుక్కున్నాడు చెల్లీ. మంచు జారి దారి మూసుకుపోయింది. ఇంజను ఆపితే చలి, ఆపకపోతే లోపలికి పొగ. రెండ్రోజుల నుంచి వాడికి నిద్ర లేదు. ఇప్పుడు గనక కునుకు తీశాడో, ఇక లేవడు."

మంచు తోడే బండి పొద్దున్నే బయల్దేరిందట, ఇంకా చేరలేదు. అక్కడికి కాల్ కలవదు, మెసేజి మాత్రం ఎలాగో వెళ్తుంది. నా ఫోను చేతికిచ్చాను. కానీ ఎర్‌మెక్ మొన్ననే సిమ్ము మార్చాడు. ఆ కొత్త నంబరు చచ్చి పడున్న ఈ ఫోన్లో తప్ప ఎక్కడా లేదు.

తెరమీద ఇసుక గడియారం తిరుగుతోంది. అన్న నెత్తిన టోపీ కూడా లేకుండా ఆ చలిలో నిలబడి, మీటల సందుల్లోంచి పుల్లతో కొవ్వు తీస్తున్నాడు. ఇన్నేళ్ళూ ఈ మనిషినా ఎగతాళి చేశానని నాకు సిగ్గేసింది. ఆ పిచ్చి ప్రశ్నలన్నీ ఇందుకేనా అని అడిగాను.

"పడుకోవద్దురా అంటే ఎవడు వింటాడు చెల్లీ? నన్ను తిట్టాలనిపిస్తే మాత్రం మేలుకుంటారు."

తొమ్మిదో నిమిషం, పదో నిమిషం కూడా గడిచాయి. పదకొండో నిమిషంలో ఎర్రదీపం వెలిగింది. వరసగా ఆరు మెసేజిలు. మొదటి అయిదూ నేను పైకి చదవలేని తిట్లు. ఆరోది ఇలా ఉంది: "ఎక్కడున్నావ్ అన్నా? నీకేమన్నా అయిందా? నాకు భయమేస్తోంది, ఏదో ఒకటి అడుగు."

అన్న గోడకు చేరగిలబడి, కళ్ళు తుడుచుకుని, వెంటనే ఏదో అడిగాడు. అలా అడుగుతూనే ఉన్నాడు. ఇంకో గంటకు మంచు తోడే బండి ఎర్‌మెక్‌ను చేరింది.

రెండ్రోజుల తర్వాత ఎర్‌మెక్ లారీని నేరుగా ఆఫీసు ముందు ఆపాడు. అన్న సంగతి తేల్చుకుంటానని రంకెలు వేస్తూ వచ్చి, టీ తెచ్చేలోపే కుర్చీలో గురక పెట్టాడు. అన్న తన కోటు తీసి కప్పాడు. ఇంతలో ఎర్‌మెక్ ఫోను మోగితే గబుక్కున ఆయనే ఎత్తాడు. అవతల ఎర్‌మెక్ భార్య, ఒక్కసారి తన మొగుణ్ణి లేపమని బతిమాలుతోంది.

అన్న గొంతు తగ్గించి అన్నాడు: "ఇంకే పనైనా చెప్పమ్మా. వీణ్ణి లేపడం మాత్రం నావల్ల కాదు."